సముద్రం దిక్కు కిటికీ, వాడ దిక్కు గోడ : విశాఖ వర్ణనల్లో కులం చూపు

విశాఖపట్నం గురించి రాసినవాళ్లు, సినిమా తీసినవాళ్లు దాదాపు అందరూ ఒకే చోట నిలబడతారు. బీచ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా. ఎడమ చేతి దిక్కు కైలాసగిరి, కుడి చేతి దిక్కు డాల్ఫిన్స్ నోస్ కొండ, నడుమ నీళ్లు. ఈ నిలబడే చోటు మనకు ఎంత అలవాటైందంటే, దాంట్లో ఒక సంగతి ఉందని కూడా గుర్తుకు రాదు. అట్లా నిలబడ్డవాడి వీపు ఊరి దిక్కు ఉంటది. జాలారిపేట, రెల్లి వీధి, పాత ఊరి ఇరుకు సందులు, అవతల గాజువాక దాకా పరుచుకున్న కార్మికుల బస్తీలు అన్నీ ఆ వీపు వెనకాలే ఉంటాయి. ఈ వ్యాసంలో నేను చర్చించదల్చుకున్నది ఆ వీపు గురించే. ఒక నగరాన్ని అందమైనదని వర్ణించడం అమాయకమైన పని కాదు. ఎవరు చూడాలో, ఎవరు కనబడకూడదో, చివరికి ఎవరు అక్కడ ఉండాలో ఆ వర్ణన తేలుస్తుంది.

చేవెళ్ల, మొయినాబాద్ దిక్కు పుట్టి పెరిగినోడికి సముద్రంతో ఏం పని అని ఎవరైనా అడగొచ్చు. పని ఉంది. 1908 మూసీ వరద తర్వాత నిజాం సర్కారు కట్టించిన గండిపేట (1920), హిమాయత్‌సాగర్ (1927) చెరువులు మా పక్కనే ఉన్నాయి. పట్నానికి తాగే నీళ్లు ఇచ్చిన ఆ చెరువులు మా కండ్ల ముందే 'లేక్ వ్యూ' అయిపోయినయి. నీళ్లు చూసే వస్తువు అయినప్పుడు ఒడ్డున ఉన్న మనుషులకు ఏమైతదో మా ఊర్లు చూసినయి. పరిశోధన పని మీద కొన్ని నెలలు విశాఖలో అద్దెకున్నప్పుడు నేను వెతికింది కూడా అదే ప్రశ్నకు జవాబు.

ఖాళీ చేసిన తీరం

ముందు సినిమా సంగతి. 1978లో కె. బాలచందర్ తీసిన 'మరోచరిత్ర' విశాఖ, భీమిలి తీరాలను తెలుగువాళ్ల ప్రేమకు స్థిరమైన చిరునామాగా మార్చింది. ఆ తర్వాత ఎందరో దర్శకులు అదే తీరానికి పోయారు. నలుపు తెలుపుల్లో తీసిన ఆ సినిమా బలాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ రెండు విషయాలు అడగాలి. ఒకటి, ఆ ప్రేమకు అడ్డం పడ్డది భాష. అబ్బాయిది తమిళం, అమ్మాయిది తెలుగు. ఈ దేశంలో ప్రేమికుల ప్రాణాలు తీసే కారణాల వరసలో భాష ఎన్నో స్థానంలో ఉంటది? 2018లో మిర్యాలగూడలో ప్రణయ్‌ని నరికింది భాష కాదు. విషాదం కావాలి గాని కులం పేరు మాత్రం వద్దనుకునే ప్రేక్షకుడికి సముద్రం మంచి తెర. అలల చప్పుడులో అసలు ప్రశ్న వినబడకుండా పోతది.

రెండోది, సినిమాల్లో తీరం ఎప్పుడూ ఖాళీగా ఉంటది. నిజమైన విశాఖ తీరం తెల్లవారుజామున ఖాళీగా ఉండదు. తెప్పలు దిగుతుంటాయి, వలలు ఆరుతుంటాయి, ఫిషింగ్ హార్బర్ దగ్గర వేలం పాట నడుస్తుంటది. తట్ట నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు బస్సెక్కడానికి ఉరుకుతుంటారు. కెమెరాకు కావల్సిన ఆ 'ఏకాంతం' తీరంలో దొరకదు. పనిచేసేవాళ్లను చిత్రం నుంచి తీసేస్తేనే దొరుకుతది. అక్కడక్కడ ఒక పడవను ఉంచుతారు గాని పడవ మనిషిని ఉంచరు. ఉంచినా నీడబొమ్మగా, సూర్యోదయానికి ముందు అలంకారంగా ఉంచుతారు. శ్రమను తుడిచి శ్రమ పనిముట్టును మాత్రం అందంగా మిగుల్చుకోవడం ఆధిపత్య కులాల సౌందర్య దృష్టికి పాత అలవాటు. పల్లె గురించి రాసేటప్పుడు నాగలిని పొగిడి పాలేరును వదిలేసినట్లే ఇది కూడా.

రావిశాస్త్రి తిప్పిన ముఖం

విశాఖ సాహిత్యంలో ఈ ముఖాన్ని సముద్రం నుంచి ఊరి దిక్కు తిప్పినవాడు రాచకొండ విశ్వనాథశాస్త్రి (1922-1993). ఇది ఒప్పుకొని తీరాల్సిన విషయం. వృత్తిరీత్యా వకీలైన ఆయన 'ఆరు సారా కథలు'లో మద్యనిషేధ చట్టం పేదవాళ్ల మీద ఎట్లా పనిచేస్తుందో, పోలీసు, ప్లీడరు, కోర్టు కలిసి ఒక మనిషిని ఎట్లా నములుతాయో చూపించాడు. ఉత్తరాంధ్ర పేదల నోటి మాటను, దాని వెటకారంతో సహా, కథలోకి తెచ్చాడు. ఆయన విశాఖలో పోస్టుకార్డు బొమ్మలు దొరకవు.

అయినా దళిత దృక్పథం నుంచి చదివినప్పుడు ఒక లోటు తగులుతుంది. ఆయన పేదలు మనకు ఎక్కువగా కోర్టు మెట్ల మీద, ఠాణాలో, సారా కొట్టు దగ్గర, వ్యభిచార గృహంలో కనబడతారు. అంటే ఒక 'కేసు'గా ముందుకొస్తారు. కేసు అయిపోయినాక వాళ్లు ఏ వీధికి పోతారు? ఆ వీధి ఊరికి ఏ పక్కన ఉంది? అక్కడే ఎందుకుంది? వర్గం గురించి అంత పదునుగా మాట్లాడిన కలం కులాన్ని చాలావరకు పేర్లలో, యాసలో వదిలేసింది, ప్రశ్నగా నిలబెట్టలేదు. ఇది ఆయన ఒక్కడి లోటు కాదు, ఆ తరం అభ్యుదయ సాహిత్యం మొత్తానిది. పేదవాడికి ఆకలి ఉంటదని వాళ్లు గుర్తించారు. పేదవాడికి వాడ ఉంటదని, ఆ వాడను కులం గీసిందని పూర్తిగా గుర్తించలేదు. షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు (1943-2020) కార్మికుడి ఒంటిని, చెమటను పాటలోకి తెచ్చి ఇంకొంత దూరం నడిచాడు. వాడ మాత్రం ఇంకా మిగిలే ఉంది.

మరి వాడ నుంచి నగరాన్ని ఎట్లా చూడాలి? మనకు ఒక నమూనా ఎప్పుడో ఉంది. జాషువా 'గబ్బిలం' (1941). దాన్ని మనం అంటరానితనం మీద కావ్యంగా చదువుతాం, అది సరైనదే. కానీ అది ప్రయాణ కావ్యం కూడా. కాళిదాసు మేఘం ఊర్లమీదుగా పోతూ అందాలు చూస్తుంది, దాన్ని ఎక్కడా ఎవరూ ఆపరు. జాషువా కథానాయకుడు తన బాధను శివుడికి చేరవేయడానికి గబ్బిలాన్ని పంపుతాడు. ఎందుకంటే తనకు లేని గుడి ప్రవేశం గబ్బిలానికి ఉంది. ఇక్కడే చూపు మొత్తం మారిపోయింది. దారిలోని ఊర్లు, చరిత్ర, శిల్పం అన్నీ వర్ణనకు వస్తాయి, జాషువాకు అందం పట్ల విముఖత లేదు. కానీ ప్రతి అందం వెనక ఒక తలుపు ఉంది, ఆ తలుపు ఎవరికి తెరుచుకుంటదన్న ప్రశ్న ఉంది. నగర వర్ణనకు దళిత విమర్శ వాడాల్సిన కొలత ఇదేనని నా అభిప్రాయం. ఎంత అందంగా ఉంది అని అడగడంతో ఆగకుండా, ఎవరికి ప్రవేశం ఉంది అని కూడా అడగాలి.

పేర్లు చెప్పే చరిత్ర

ఆ కొలతతో విశాఖ వాడల్లో తిరిగితే పేర్లే సగం కథ చెప్తాయి. వాల్తేరు అప్‌లాండ్స్ అంటే ఎత్తుమీద, గాలి వచ్చే చోట తెల్లదొరలు కట్టుకున్న బంగళాల దిక్కు. లాసన్స్ బే ఒక దొర పేరు. జాలారిపేట, రెల్లి వీధి కులాల పేర్లు. సింధియా ఓడల కంపెనీ పేరు, 1941లో మొదలైన ఆ షిప్‌యార్డు నుంచే 1948లో 'జల ఉష' నీళ్లలోకి దిగింది. దొరకు, కంపెనీకి సొంత పేరు దక్కింది. ఓడ కట్టినోడికి, చేప పట్టినోడికి, వీధి ఊడ్చినోడికి కులం పేరే మిగిలింది.

అన్నిటికంటే నన్ను ఆలోచనలో పడేసిన పేరు ఎం.వి.పి. కాలనీ. నగరంలో పేరున్న మధ్యతరగతి కాలనీ అది. ఆ మూడు అక్షరాల పూర్తి పేరు మువ్వలవానిపాలెం. ఒక పల్లె పేరు. పల్లెను ప్లాట్లుగా కోసినాక పేరును కూడా పొడి అక్షరాలుగా కోశారు. 'పాలెం'లో ఉంటున్నమంటే నామోషీ, 'ఎంవీపీ'లో ఉంటున్నమంటే హోదా. ఒక ఊరు ఎట్లా మాయమైతదో తెలుసుకోవడానికి పెద్ద సిద్ధాంత గ్రంథాలు అక్కర్లేదు, సిటీ బస్సు బోర్డు చాలు.

రెల్లి వీధి సంగతి వేరు. ఆ పేరును ఎవరూ పొడి అక్షరాలు చేయలేదు, చేసే అవసరం రాలేదు. రెల్లివాళ్లు ఉత్తరాంధ్ర షెడ్యూల్డ్ కులాల్లో ఒకరు. ఒరియాకు దగ్గరి మాట ఇంట్లో మాట్లాడుకునే ఈ మనుషులను మునిసిపాలిటీలు పాకీపనిలోకి, వీధులు ఊడ్చే పనిలోకి దింపాయి. కొందరు పండ్లు, కూరగాయలు అమ్ముకుని బతికారు. పొద్దున ఆరుగంటలకు బీచ్ రోడ్డు శుభ్రంగా ఉందని వాకింగ్‌కు వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు. ఆ శుభ్రం రాత్రంతా ఎవరి చేతుల్లోంచి వచ్చిందో ఏ వర్ణనలోనూ ఉండదు. దళిత కులాల లోపల కూడా వీళ్ల గొంతు చివర్నే వినబడింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి తెరిచినాక, 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రెల్లి, దాని ఉపకులాలు కలిపి 12 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం ఇచ్చింది. ఆ 1 శాతం కూడా ఎన్నేళ్ల కొట్లాట తర్వాత వచ్చిందో మనం మరిచిపోవద్దు.

ఇక ఆ నగరంలో ఉండడం అనే విషయం. నగరం చూడడానికి టికెట్ చాలు. ఉండడానికి ఇంటి ఓనరు కావాలి. గది కోసం తిరిగినప్పుడు నాకు ఎదురైన ప్రశ్నల వరస దాదాపు ఒకటే. ఏ ఊరు? ఇంటి పేరేంటి? నాన్‌వెజ్ తింటారా? అప్పటికీ తేలకపోతే "మీరేమిట్లు?" అన్న మర్యాదస్తుల ప్రశ్న. తెలంగాణ యాస విన్నాక ఒక పెద్దమనిషి గది ఖాళీ లేదన్నాడు, 'టులెట్' బోర్డు మాత్రం గేటుకు వేలాడుతూనే ఉంది. నాకు చివరికి దొరికిన గది కిటికీ సముద్రం దిక్కు లేదు, మురుగు కాలువ దిక్కు ఉంది. దీన్ని సొంత గోడుగా చెప్పడం లేదు. మన విద్యార్థులు ఏ నగరానికి పోయినా ఎదురయ్యే పద్ధతి ఇది. చదువు మనల్ని వాడ దాటించింది గాని, నగరం మళ్లీ ఒక వాడను వెతికి ఇస్తది.

1860 నుంచి నేటాల్‌కు చెరుకు తోటల కూలీలుగా పోయిన తెలుగువాళ్లలో విశాఖపట్నం జిల్లావాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల వారసులు డర్బన్‌లో, సముద్రం ఒడ్డునే, 'తెల్లవాళ్లకు మాత్రమే' అన్న బోర్డులు చూశారు. 1953లో దక్షిణాఫ్రికా చేసిన చట్టం తీరాన్ని రంగుల వారీగా పంచింది. మన దగ్గర అట్లాంటి చట్టం లేదు, బోర్డూ లేదు. అద్దె, ఇంటిపేరు, వంటింటి వాసన కలిసి ఆ బోర్డు పని చేస్తున్నాయి. బోర్డు ఉంటే కనీసం పీకేయొచ్చు.

అందం ఆర్డరుగా మారితే

ఇంతవరకు చెప్పింది చూపు గురించి. చూపు చూపుగానే ఉండిపోతే ఇంత మాట్లాడే పని లేదు. అది పాలనగా మారుతుంది. 2025 సెప్టెంబరులో విశాఖ నగరపాలక సంస్థ 'ఆపరేషన్ లంగ్స్' పేరుతో వీధి వ్యాపారుల బడ్డీలను, బండ్లను తీయించింది. ఆ పేరు చూడండి. నగరానికి ఊపిరి ఆడాలంటే ఇడ్లీ బండి పోవాలట. వీధి వ్యాపారుల హక్కుల కోసం 2014లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది, అందం ముందు అది చిన్నబోయింది. అదే నగరంలో 2021 నుంచి రుషికొండను తొలిచి కోట్ల రూపాయల భవనాలు కట్టారు. దాని మీద కోర్టు కేసులు నడిచాయి, రాజకీయ వాదనలు నడిచాయి. కానీ కొండను కోసినవాళ్లను ఎవరూ 'ఆక్రమణదారు' అని పిలవలేదు. ఆ మాట బండి తోసేవాళ్ల కోసమే దాచిపెట్టారు.

సముద్రపు గాలి కూడా అందరికీ ఒకటి కాదు. 2020 మే 7 తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై 12 మంది చనిపోయింది ఆర్.ఆర్. వెంకటాపురం చుట్టుపక్కల బస్తీల్లో. అప్‌లాండ్స్‌లో కాదు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966లో 32 మంది కాల్పుల్లో ప్రాణాలిచ్చారని మనం గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి కూడా. దాని కోసం 64 గ్రామాలు లేచిపోయాయన్నది అంత గట్టిగా చెప్పుకోం. పరిహారం పట్టాను వెతుక్కుంటూ పోతది. పట్టా లేని కూలోడి ఇల్లు దానికి కనబడదు. ఆర్-కార్డు చేతిలో పట్టుకుని ఉద్యోగం కోసం ఎదురుచూసిన నిర్వాసితులకు, 2021 జనవరిలో ఫ్యాక్టరీనే అమ్ముతామన్న నిర్ణయం వినబడింది. గంగవరంలో పోర్టు కోసం తీరం పోతుందని 2006లో మత్స్యకారులు లేచినప్పుడు పోలీసు కాల్పుల్లో ఒకరు చనిపోయారు. 'సిటీ ఆఫ్ డెస్టినీ' అంటారు విశాఖను. ఎవరి రాత ఎవరు రాశారని అడగాలి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. జాలారిపేటను ఇంకో పోస్టుకార్డుగా మార్చొద్దు. జాలారివాళ్లు వెనుకబడిన కులాలవాళ్లు, రెల్లివాళ్లు షెడ్యూల్డ్ కులాలవాళ్లు. ఈ ఇద్దరి మధ్య కూడా దూరం ఉంది. 2022 జనవరిలో రింగు వలల మీద పెద జాలారిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య గొడవై పడవలు కాలాయి. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బర్‌లో మంటలంటుకుని పదుల సంఖ్యలో పడవలు బుగ్గయినప్పుడు, నష్టం పడవ ఓనరుకు లెక్క కట్టారు. కూలికి వేటకు పోయేవాడి పోయిన పని దినాలను లెక్క కట్టడం అంత తేలిక కాలేదు. బహుజన ఐక్యత అంటే ఈ తేడాలు దాచడం కాదు, వాటిని బయటపెట్టి కలవడం.

ఇప్పుడు మా దిక్కుకు వస్త. గండిపేట, హిమాయత్‌సాగర్లను కాపాడటానికి 1996 మార్చిలో జీవో 111 తెచ్చారు. 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్లు, కాలనీలు వద్దన్నారు. చెరువుకు అది మంచిదే. కానీ ఆచరణలో ఏమైంది? చిన్న రైతుకు భూమి ధర పెరగలేదు, పిల్ల పెండ్లికో దవాఖాన ఖర్చుకో అగ్గువకు అమ్ముకున్నడు. కొన్నోళ్లు గోడ కట్టి, గేటు పెట్టి, ఫామ్‌హౌస్ లేపిన్రు. దళితులకు ఇచ్చిన అసైన్డ్ భూములు అమ్మడం, కొనడం 1977 చట్టం ప్రకారం చెల్లదు. అయినా కాగితం ఒకరి పేరున, గేటు ఇంకొకరి పేరున నడిచింది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆంక్షలు ఎత్తేస్తామన్నప్పుడు పెరిగిన ధర ఎవరికి దక్కుతుంది? అప్పటికే అమ్ముకున్నోళ్లకు కాదు. ఒకప్పుడు తమదైన భూమిలో ఇప్పుడు పూల చెట్లకు నీళ్లు పట్టే కూలికి పోతున్నోళ్లు మా మండలాల్లో ఉన్నరు. కిందికి పోతే అదే మూసీ ఒడ్డున, 2024లో, నది సుందరీకరణ పేరుతో పేదల ఇండ్ల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పెట్టిన్రు. పైన నీళ్లు చూడటానికి గోడ కట్టుకున్నోళ్లు ఉన్నరు, కింద నీళ్లు అందంగా కనబడటానికి గోడ కూల్చబడ్డోళ్లు ఉన్నరు. రెండింటికీ నది ఒకటే, చూపు ఒకటే.

అయితే దళితులకు అందం వద్దా అని మిత్రులు అడుగుతున్నారు. ఎందుకొద్దు? అందాన్ని వదులుకొమ్మని చెప్పడం కూడా ఒక వెలివేతే. సముద్రాన్ని అందరికంటే బాగా చూసింది దాంట్లోకి పోయినవాళ్లే. గాలి ఏ మూల నుంచి తిరిగిందో, నీళ్ల రంగు మారితే ఏ చేప వస్తుందో చెప్పగలిగిన చూపు ఎంత గొప్ప సౌందర్య జ్ఞానం! దాన్ని మనం 'అనుభవం' అని తక్కువ చేసి, బాల్కనీలోంచి చూసినదాన్ని 'రసానుభూతి' అంటున్నాం. భీమిలి దారిలో తొట్లకొండ మీద సముద్రం కనబడే చోట రెండు వేల ఏండ్ల కింద బౌద్ధ భిక్షువులు విహారం కట్టుకున్నారు. వర్ణం అడగని సంఘం అది. కొండ మీంచి సముద్రాన్ని చూసే హక్కు మనకు కొత్తగా ఎవరో ఇవ్వాల్సింది కాదు.

కాబట్టి మన విద్యార్థులు, ఉపాధ్యాయులు ఇకమీదట ఏ నగర వర్ణన చదివినా, విశాఖదైనా హైదరాబాద్‌దైనా, మూడు ప్రశ్నలు వేయాలని కోరుతున్నాను. రాసినవాడు ఎక్కడ నిలబడ్డాడు, అతని వీపు ఎటు ఉంది? ఆ దృశ్యం శుభ్రంగా, ఖాళీగా కనబడటానికి ఎవరు పనిచేశారు, ఎవరిని లేపారు? అక్కడ గది అద్దెకు అడిగితే మనకు ఇస్తారా? ఈ ప్రశ్నలు తరగతి గదిలో ఒక పాఠం మీద వేసి చూడండి, పిల్లలే మిగతాది చెప్తారు. వాళ్లలో చాలామంది వాడల నుంచే వచ్చారు. జాలారిపేట నుంచి, రెల్లి వీధి నుంచి, మొయినాబాద్ ఫామ్‌హౌస్ గోడ పక్క ఇండ్ల నుంచి వాళ్లు తమ ఊరిని తాము రాయాలి. అప్పటిదాకా విశాఖ వర్ణన సగమే రాసినట్లు లెక్క.